మీకు తెలుసా? అప్‌డేట్ తర్వాత ట్యాబ్‌కు చార్జింగ్ నిలబడట్లేదా!

రాత్రి అప్‌డేట్ పెట్టి పడుకున్నాం, పొద్దున్నుంచి చార్జింగ్ నిలబడట్లేదు. వైరు పెట్టినా చార్జింగ్ ఎక్కట్లేదు. ట్యాబ్ ఉన్న ప్రతి ఇంట్లోనూ ఎప్పుడో ఒకప్పుడు వినిపించే మాటలివి. నింద మొత్తం అప్‌డేట్ మీదే పడుతుంది. అసలు తప్పు కొన్నిసార్లు దానిదే. చాలాసార్లు మాత్రం దుమ్ము పట్టిన పిన్నుది, అరిగిన కేబుల్‌ది, మన సీమ ఎండది. ఏది ఎవరి తప్పో తేల్చుకోకుండా ట్యాబ్‌ను పక్కన పడేయడం, తొందరపడి రీసెట్ కొట్టడం రెండూ నష్టమే. గండికోట చుట్టుపక్కల పల్లెల్లో ట్యాబ్ పట్టుకున్న ప్రతి ఇంటికీ పనికొచ్చే సంగతులు కొన్ని ఇక్కడ.

మొదటి రెండు రోజులు చార్జింగ్ త్వరగా దిగడం మామూలే

అప్‌డేట్ పూర్తయిందని తెర చెప్పాక కూడా లోపల పని ఆగదు. కొత్త వ్యవస్థకు తగ్గట్టు ట్యాబ్ ప్రతి యాప్‌నూ మళ్లీ సర్దుకుంటుంది. ఫొటోలు, ఫైళ్లు వెతికితే వెంటనే దొరికేలా జాబితా కట్టుకుంటుంది. యాప్‌లు కూడా ఒకదాని వెనక ఒకటి అప్‌డేట్ అవుతాయి. ఈ పనంతటికీ ప్రాసెసర్ మేలుకొని ఉండాలి. అందుకే ట్యాబ్ వెచ్చబడుతుంది, చార్జింగ్ దిగిపోతుంది. ఆండ్రాయిడ్‌లోనూ, ఐప్యాడ్‌లోనూ ఇదే తీరు.

2018లో వచ్చిన ఆండ్రాయిడ్ 9 నుంచి మన అలవాట్లను గమనించి, వాడని యాప్‌లను నిద్రపుచ్చే ఏర్పాటు కూడా ఉంది. పెద్ద అప్‌డేట్ తర్వాత అది కుదురుకోవడానికి కొంత వ్యవధి పట్టవచ్చు. కాబట్టి రాత్రి వైఫైలో, చార్జర్ పెట్టి, తెర ఆపి వదిలేయండి. ఒకసారి స్విచ్చాఫ్ చేసి ఆన్ చేయండి. రెండు మూడు రోజులు దాటినా అదే తంతు అయితే అప్పుడు కారణం వెతకాలి.

తెర మీది శాతం కొలత కాదు, అంచనా

బ్యాటరీలో ఎంత కరెంటు మిగిలిందో నేరుగా చూసే సాధనం లేదు. లోపలికి ఎంత వెళ్లింది, బయటికి ఎంత వచ్చింది, ఇప్పుడు వోల్టేజీ ఎంత అని లెక్కగట్టి ఒక చిప్ శాతం చెబుతుంది. ఆ లెక్క తప్పితే 40 శాతం చూపిస్తూనే ట్యాబ్ ఆరిపోతుంది.

తుంగభద్ర నీటితో పారే కేసీ కాలువ రైతుకు ఇది సులభంగా అర్థమవుతుంది. తుంగభద్ర డ్యామ్ 1953లో పూర్తయినప్పుడు దాదాపు 133 టీఎంసీలు పట్టేది. పూడిక చేరి ఇప్పుడు 105 టీఎంసీల దగ్గరికి తగ్గింది. మట్టం అంతే కనిపిస్తుంది, నీళ్లు మాత్రం తక్కువ. పాతబడ్డ బ్యాటరీ కూడా అంతే. వంద శాతం అని చూపించే ఆ వంద, కొన్ననాటి వంద కాదు.

చిప్ లెక్క సరిదిద్దాలంటే ఒక్కసారి ట్యాబ్‌ను 5 శాతం దాకా వాడి, తర్వాత మధ్యలో తీయకుండా వంద దాకా ఎక్కించండి. ఇది ఒకసారి చేస్తే చాలు. వారం వారం బ్యాటరీని అడుగంటా ఖాళీ చేస్తే దాని ఆయుష్షే తగ్గుతుంది.

తప్పు బ్యాటరీది కాదు, సాఫ్ట్‌వేర్‌దే అని తేలిన సందర్భం ఉంది

మైక్రోసాఫ్ట్ వారి సర్ఫేస్ ప్రో 3 ట్యాబ్లెట్లలో కొన్ని 2016లో గంటైనా నిలబడటం లేదని కొన్నవాళ్లు మొత్తుకున్నారు. వాటిలో సింప్లో అనే కంపెనీ చేసిన బ్యాటరీలు ఉన్నాయి. బ్యాటరీలే చచ్చిపోయాయని అందరూ అనుకున్నారు. తీరా చూస్తే బ్యాటరీలో సత్తువ ఉన్నా, దాన్ని సాఫ్ట్‌వేర్ తక్కువగా లెక్కగడుతోంది. అదే ఏడాది ఆగస్టు 29న ఒక అప్‌డేట్ పంపి సరిచేశారు. ఏ పార్టూ మార్చాల్సిన పని పడలేదు.

అందుకే ఒక అప్‌డేట్ తర్వాత బ్యాటరీ తేడా చేస్తే, తర్వాతి చిన్న అప్‌డేట్ వచ్చిందేమో సెట్టింగ్స్‌లో చూడటం మంచిది. బ్యాటరీ మార్పించడానికి డబ్బు పెట్టే ముందు చేయాల్సిన పని ఇది.

80 దగ్గర ఆగిపోతే అది రోగం కాకపోవచ్చు

లిథియం అయాన్ బ్యాటరీకి నిండా నిండి ఉండటం కష్టం. వంద శాతం దగ్గర, అదీ వేడిలో, గంటల తరబడి ఉంటే త్వరగా ముసలిదవుతుంది. అందుకే కంపెనీలు బ్యాటరీని కాపాడే ఏర్పాటును అప్‌డేట్లతో పంపుతున్నాయి. శాంసంగ్ మొదట్లో 85 శాతం దగ్గర ఆపేది, తర్వాతి వెర్షన్లలో 80 దగ్గర ఆపే వీలు తెచ్చింది. కొత్త ఐప్యాడ్లలోనూ 80 శాతం హద్దు పెట్టుకోవచ్చు.

అప్‌డేట్ తర్వాత మీ ట్యాబ్ సరిగ్గా అక్కడే ఆగుతుంటే సెట్టింగ్స్‌లో బ్యాటరీ విభాగం తెరిచి, బ్యాటరీ రక్షణ అన్నది ఆన్‌లో ఉందేమో చూడండి. ఇంట్లో ఎప్పుడూ చార్జర్‌కే తగిలించి వాడేవారికి అది ఆన్‌లో ఉండటమే మేలు. ప్రయాణానికి ముందు ఆపుకొంటే సరిపోతుంది.

గండికోట ఎండలో చార్జింగ్ ఆగితే ట్యాబ్ తనను తాను కాపాడుకుంటున్నట్టే

పరిసరాల వేడి 0 నుంచి 35 డిగ్రీల మధ్య ఉన్నప్పుడే వాడమని కంపెనీలు చెబుతాయి. కడప, కర్నూలు, నంద్యాల జిల్లాల్లో మే నెలలో 40 దాటడం మామూలే. కొన్ని రోజుల్లో 45ను తాకుతుంది. ఎర్రమల కొండల ఎర్రరాయి మధ్యాహ్నానికి కాగిపోతుంది. పెన్న లోయ అంచున ఫొటోలు తీసి, తలుపులు మూసిన కారులో ట్యాబ్ పెట్టి చార్జర్ తగిలిస్తే, చార్జింగ్ ఎక్కకపోవడంలో వింత లేదు.

బ్యాటరీ వేడెక్కిన కొద్దీ చార్జింగ్ కరెంటు తగ్గించాలి, ఒక హద్దు దాటితే పూర్తిగా ఆపాలి అని జపాన్ ఎలక్ట్రానిక్స్ పరిశ్రమల సంఘం జెయిటా 2007లో మార్గదర్శకాలు ఇచ్చింది. లోపలి వేడి 45 డిగ్రీల దరిదాపుల్లోకి వస్తే చాలా పరికరాలు వెనక్కి తగ్గుతాయి. మే నెలలోనే అప్‌డేట్ వస్తే, ఎండ చేసిన పనికి అప్‌డేట్‌కు చెడ్డపేరు వస్తుంది.

ఎవరి తప్పో తేల్చే పరీక్ష ఒకటుంది. కవరు తీసి, తెల్లవారుజామున చల్లటి వేళ, ట్యాబ్‌ను గచ్చు మీదో కడప బండ మీదో పెట్టి చార్జ్ చేయండి. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు ప్రాంతాల్లో తీసే ఆ నల్ల బండ మన ఇళ్లలో నేలంతా పరిచి ఉంటుంది. పరుపు, దిండు వేడిని లోపలే పట్టి ఉంచుతాయి, బండ లాగేస్తుంది. తెల్లవారుజామున బాగా ఎక్కి, మధ్యాహ్నం ఎక్కకపోతే దోషం ఎండదే. చల్లబడుతుందని ఫ్రిజ్‌లో మాత్రం పెట్టవద్దు. బయటికి తీయగానే లోపల చెమ్మ పడుతుంది.

పిన్ను పెట్టే చోట టార్చి వేసి చూశారా?

ట్యాబ్‌ను తిరగేసి చార్జింగ్ పోర్టులోకి టార్చి వేయండి. టైప్-సి అయితే మధ్యలో సన్నటి నాలుక లాంటి పలక కనిపిస్తుంది. దాని పైన 12, కింద 12, మొత్తం 24 సన్నటి గీతలు. కరెంటు, సమాచారం వెళ్లేది వాటి గుండానే. ఆ నాలుక చుట్టూ, అడుగున, బూడిద రంగు ఉండలా ఏదైనా గట్టిగా అణిగి ఉందేమో చూడండి. సంచిలో నూలుపోగులు, నల్లరేగడి దుమ్ము కలిసి అలా గడ్డకడతాయి. వైరు పెట్టిన ప్రతిసారీ ఆ ఉండ ఇంకాస్త లోపలికి అణుగుతుంది. చివరికి పిన్ను పూర్తిగా దిగదు, కదిలిస్తే ఎక్కుతుంది, వదిలేస్తే ఆగుతుంది.

ట్యాబ్ ఆపేసి, చెక్క పళ్లపుల్లతో ఆ నాలుకకు తగలకుండా అంచుల వెంట మెల్లగా తీయండి. సూది, పిన్నీసు వద్దు, గీతలు ఒకదానికొకటి తగిలి షార్ట్ అవుతాయి. నోటితో ఊదితే తేమ చేరుతుంది. తెర మీద నీటిచుక్క గుర్తు వస్తే చెమ్మ ఉందని అర్థం, గాలికి ఆరనివ్వాలి. తడిసిన ఫోన్‌ను బియ్యంలో పెట్టవద్దని, గింజల నలుసులు లోపలికి పోయి పాడవుతుందని ఆపిల్ 2024లో చెప్పింది. ట్యాబ్‌కూ అదే వర్తిస్తుంది.

చార్జర్ మీద సన్నటి అక్షరాలు చదవాలి

చార్జర్ మీద అవుట్‌పుట్ అని ఉన్నచోట వోల్టులు, ఆంపియర్లు రాసి ఉంటాయి. రెండూ గుణిస్తే వాట్లు. 5 వోల్టులు, 1 ఆంపియర్ అంటే 5 వాట్లు. పాత ఫోన్ చార్జర్లు చాలావరకు అంతే. 5,000 ఎంఏహెచ్ బ్యాటరీ ఉన్న ట్యాబ్‌కు దానితో నాలుగైదు గంటలు పడుతుంది. వీడియో చూస్తూ పెడితే వచ్చింది వచ్చినట్టే ఖర్చయి, శాతం కదలదు. 15 వాట్లు తీసుకునే ట్యాబ్‌కు కనీసం 15 వాట్ల చార్జర్ పెట్టాలి.

ముందు కేబుల్ మార్చి చూడండి, తర్వాత చార్జర్, ఆ తర్వాత స్విచ్ బోర్డు. ఒక్కోసారి ఒక్కటే మార్చాలి. అన్నీ ఒకేసారి మారిస్తే తప్పు ఏదో తెలియదు. కొత్త చార్జర్ కొనేటప్పుడు దాని మీద బీఐఎస్ గుర్తు, ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉండాలి. ఆ నంబరు అసలుదో నకిలీదో బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూసుకోవచ్చు.

మోటార్లు ఆడేటప్పుడు వోల్టేజీ తగ్గితే?

చాలా చార్జర్ల మీద ఇన్‌పుట్ 100 నుంచి 240 వోల్టులు అని ఉంటుంది. ఇంటికి రావాల్సింది 230. పొలాల్లో మోటార్లు ఆడుతూ వోల్టేజీ 180కి పడిపోయినా అలాంటి చార్జర్ తన పని చేసుకుపోతుంది. దానికి అసలు ప్రమాదం ఉరుములు మెరుపులు ఉన్నప్పుడు, కరెంటు పోయి ఒక్కసారిగా ఎగిసి వచ్చినప్పుడు. ఆ వేళల్లో ప్లగ్గు తీసేయడమే మంచిది. ఊరంతా వోల్టేజీ సమస్య ఉంటే విద్యుత్ పంపిణీ సంస్థ నంబరు 1912కు ఫోన్ చేయవచ్చు.

పూర్తిగా చచ్చిపోయిందనుకున్న ట్యాబ్ గంటలో లేవొచ్చు

ఎండాకాలం సెలవుల్లో బీరువాలో పెట్టిన ట్యాబ్ జూన్‌లో తీస్తే వెలగదు. వాడకపోయినా బ్యాటరీ కొద్దికొద్దిగా దిగుతూనే ఉంటుంది. బాగా అడుగంటితే, చార్జర్ పెట్టగానే పూర్తి కరెంటు ఎక్కించడం ప్రమాదం కాబట్టి మొదట చాలా సన్నగా ఎక్కిస్తుంది. అప్పుడు తెర మీద ఏ గుర్తూ కనిపించకపోవచ్చు. చాలామంది ఐదు నిమిషాలు చూసి చెడిపోయిందంటారు. మంచి చార్జర్ పెట్టి గంటసేపు ముట్టుకోకుండా వదిలేయండి.

ఆ తర్వాతా లేవకపోతే బలవంతంగా రీస్టార్ట్ చేయాలి. శాంసంగ్ ట్యాబ్‌లలో పవర్, వాల్యూమ్ తగ్గించే బటన్లు రెండూ కలిపి ఏడు సెకన్లకు పైగా నొక్కి పట్టాలి. ఇందులో మీ ఫొటోలు, పాఠాలు ఏవీ పోవు. ఇకముందు దాచిపెట్టేటప్పుడు 50 శాతం దగ్గర స్విచ్చాఫ్ చేసి, చల్లటి చోట పెట్టండి.

బడి ట్యాబ్‌ల సంగతి వేరు

2022 డిసెంబర్ 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ట్యాబ్‌ల పంపిణీ మొదలుపెట్టింది. ప్రభుత్వ బడుల్లో 8వ తరగతి చదివే 4,59,564 మంది పిల్లలకు, 59,176 మంది ఉపాధ్యాయులకు కలిపి 5,18,740 ట్యాబ్‌లు ఇస్తున్నట్టు ప్రకటించింది. మరుసటి ఏడాది అదే తేదీన అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లిలో రెండో విడత జరిగింది. చాలా ఇళ్లలో పిల్లల చేతికొచ్చిన మొదటి ట్యాబ్ అదే. ఆ బ్యాటరీలకు ఇప్పుడు వయసు మీద పడుతోంది. అప్‌డేట్ తర్వాత తేడా కనిపిస్తే అందులో వయసు వాటా కూడా ఉంటుంది.

సంస్థలు ఇచ్చే ట్యాబ్‌లలో కొన్ని సెట్టింగ్స్‌కు తాళం ఉంటుంది. దాన్ని ఊడదీస్తామనే వాళ్ల చేతికి ట్యాబ్ ఇవ్వకండి. పాఠాలు పోతాయి, మరమ్మతు హక్కూ పోవచ్చు. ముందు ప్రధానోపాధ్యాయుడికి చెప్పండి. ఏ రోజు నుంచి ఏమవుతోందో ఒక కాగితం మీద రాసి ఇస్తే బాగు చేసేవారికి సగం పని తగ్గుతుంది.

బ్యాటరీని తింటున్నదెవరో గీత చూసి చెప్పొచ్చు

సెట్టింగ్స్‌లో బ్యాటరీ వాడకం తెరిస్తే ఒక గీత కనిపిస్తుంది. పగలు వాడినప్పుడు ఏటవాలుగా దిగి, రాత్రి దాదాపు సమానంగా సాగితే అంతా సవ్యం. ఎవరూ ముట్టుకోని రాత్రి కూడా అదే వాలులో దిగుతుంటే ఏదో యాప్ నిద్రపోనివ్వడం లేదు. మధ్యలో గండికోట అంచులా నిట్టనిలువునా పడిపోతే బ్యాటరీయే అరిగిందనో, చిప్ లెక్క తప్పిందనో అనుమానించాలి.

యాప్‌ల మీద అనుమానం ఉంటే ఆండ్రాయిడ్‌లో సేఫ్ మోడ్ పెట్టి ఒక పూట చూడండి. మనం వేసుకున్న యాప్‌లు అందులో పనిచేయవు. అప్పుడు చార్జింగ్ నిలబడితే దొంగ ఆ యాప్‌లలోనే ఉన్నాడు. సిమ్ వేసిన ట్యాబ్ అయితే ఇంకో సంగతి. కొండల మధ్య సిగ్నల్ అందనిచోట టవర్ కోసం వెతుకుతూనే బ్యాటరీ దిగుతుంది. అక్కడ ఫ్లైట్ మోడ్ పెట్టడమే మందు.

రీసెట్ చివరి మెట్టు, మొదటిది కాదు

అప్‌డేట్ తర్వాత పాత తాత్కాలిక ఫైళ్లు అడ్డుపడుతున్నాయనిపిస్తే, రికవరీ తెరలో క్యాష్ పార్టిషన్ తుడిచే వీలు కొన్ని ఆండ్రాయిడ్ ట్యాబ్‌లలో ఉంటుంది. దానివల్ల ఫొటోలు, ఫైళ్లు పోవు. ఫ్యాక్టరీ రీసెట్ అలా కాదు, అన్నీ తుడిచేస్తుంది. రెండూ ఒకే తెర మీద పక్కపక్కనే ఉంటాయి కాబట్టి పేరు రెండుసార్లు చదివి నొక్కండి. అరిగిన బ్యాటరీకి, దుమ్ము పట్టిన పిన్నుకు రీసెట్ వల్ల ఒరిగేదేమీ లేదు.

కంపెనీలే అప్‌డేట్‌తో కళ్లెం వేసిన సందర్భాలూ ఉన్నాయి

జనం అనుమానంలో నిజం లేకపోలేదు. 2017 జనవరిలో వచ్చిన ఐఓఎస్ 10.2.1 అప్‌డేట్, బ్యాటరీ అరిగిన ఐఫోన్ల వేగాన్ని తగ్గించింది. ఉన్నట్టుండి ఆరిపోకుండా అలా చేశామని ఆపిల్ అదే ఏడాది డిసెంబర్‌లో ఒప్పుకుంది. ముందే చెప్పనందుకు 2020లో ఫ్రాన్స్ 2.5 కోట్ల యూరోల జరిమానా వేసింది. 2025 జనవరిలో గూగుల్ పిక్సెల్ 4ఏ ఫోన్లకు ఒక అప్‌డేట్ పంపింది. వేడెక్కే ప్రమాదం ఉన్న వాటిలో బ్యాటరీ సామర్థ్యాన్ని అది తగ్గించేసింది. ట్యాబ్లెట్లలో ఎన్‌విడియా షీల్డ్ ఉదాహరణ ఉంది. బ్యాటరీ కాలే ప్రమాదం ఉందని 2015 జూలైలో వాటిని వెనక్కి పిలిచి, కొత్తవి ఇచ్చాక పాతవాటిని సాఫ్ట్‌వేర్‌తోనే పనిచేయకుండా చేశారు.

వీటిలో భద్రత కోసం చేసినవి ఉన్నాయి. అయినా కొన్నవాడికి ముందుగా చెప్పడం కంపెనీ బాధ్యత. అప్‌డేట్‌లో ఏముందో చెప్పే పేజీని చదివి ఒప్పుకోవడం మన జాగ్రత్త.

తెర అంచు లేస్తే ఇక చార్జర్ పెట్టకూడదు

ట్యాబ్‌ను బల్ల మీద పడుకోబెడితే ఊగుతోందా, తెర అంచు దగ్గర సందు కనిపిస్తోందా? బ్యాటరీ ఉబ్బిందని అర్థం. లోపల వాయువు చేరింది. దానికి అప్‌డేట్‌తో పనిలేదు, రీసెట్‌తో తగ్గదు. వెంటనే ఆపేయండి. నొక్కడం, గుచ్చడం, ఎండలో పెట్టడం చేయకండి, మంట లేస్తుంది. పిల్లలకు అందనిచోట, మండే వస్తువులకు దూరంగా ఉంచి సర్వీస్ సెంటర్‌కు ఇవ్వండి. పాత బ్యాటరీని చెత్తకుప్పలో వేయకూడదు. వాటిని సేకరించే బాధ్యత తయారీదారులదేనని 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నిబంధనలు చెబుతున్నాయి.

ఒక యూనిట్ కరెంటుతో దాదాపు 40 సార్లు

5,000 ఎంఏహెచ్ ట్యాబ్ బ్యాటరీ నిండటానికి, మధ్యలో వేడిగా పోయేది కూడా కలుపుకొంటే, సుమారు 25 వాట్-అవర్లు పడుతుంది. ఒక యూనిట్ అంటే వెయ్యి. అంటే ఒక యూనిట్‌తో దాదాపు 40 సార్లు నింపవచ్చు. కరెంటు ఖర్చు లెక్కలోకి రాదు. ఖరీదైనది బ్యాటరీ ఆయుష్షే. 20 నుంచి 80 శాతం మధ్య వాడుకుంటూ, వేడికి దూరంగా పెడితే అది ఎక్కువ కాలం మన్నుతుంది.

అడిగే హక్కు మీకుంది

వారంటీలో ఉన్న ట్యాబ్‌కు అప్‌డేట్ తర్వాత సమస్య వస్తే, సర్వీస్ సెంటర్‌లో ఇచ్చేటప్పుడు జాబ్ షీట్ తప్పక తీసుకోండి. అందులో అప్‌డేట్ తేదీ, లక్షణం రాయించండి. పట్టించుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు, తెలుగులోనూ మాట్లాడవచ్చు. వారంటీ దాటినా దిగులు వద్దు. తప్పు బ్యాటరీదేనని తేలితే నమ్మకమైన చోట బ్యాటరీ ఒక్కటే మార్పించుకోవచ్చు, కొత్త ట్యాబ్ కొననక్కర్లేదు. దుకాణానికి వెళ్లే ముందు మాత్రం కేబుల్ మార్చి, పోర్టు శుభ్రం చేసి, తెల్లవారుజామున చల్లటి బండ మీద ఒకసారి చార్జ్ పెట్టి చూడండి. ఈ మూడింటికీ రూపాయి ఖర్చు లేదు. పిల్లవాడి పాఠాలున్న ట్యాబ్ చిన్న కారణానికి మూలన పడకుండా ఉంటుంది.